ఇంటి బేరమునకు నేతగాని లెక్క

మన వృత్తిలో బేరము తెలియనివారు లేరు. నూలు చిలప చేతికి రాగానే దాని నంబరెంతో వ్రేళ్ళతోనే చెప్పగలము. షావుకారు తూచి యిచ్చిన నూలును ఇంటికి తెచ్చి మరల తూచుకొందుము. గుడ్డ దింపిననాడు తరుగు ఎంతవరకు న్యాయమో, ఎంత మించినచో కూలిలో కోత పడునో మన పిల్లలకు సయితము తెలియును. అట్టి మనము ఇల్లు కట్టించుకొనుటకు పూనుకొన్ననాడు మాత్రము మేస్త్రీ చెప్పిన “చదరానికి ఇంత” అను ఒక్క మాటకు తల యూపి, బయానా చేతిలో పెట్టి వచ్చుచున్నాము. ఒక చీర విషయమున చూపు జాగ్రత్త ముప్పది యేండ్ల సంపాదన విషయమున చూపకున్నాము. ఈ సంగతినిగూర్చి కోలారు జిల్లాలోని మన కుటుంబములకు నాలుగు మాటలు మనవి చేయుట మా విధి యని తలచి వ్రాయుచున్నాము.

ఇప్పుడే యెందుకు వ్రాయవలె నందురేమో! బెంగుళూరు మదరాసు నగరముల నడుమ వేయుచున్న పెద్ద రహదారిలో హోసకోట నుండి మాలూరు, బంగారుపేట ప్రాంతముల మీదుగా బేతమంగళ వరకు గల భాగము 2024 చివర వాహనములకు తెరువబడినది. నరసాపురము, వేమగల్లు వైపు కర్మాగారములు వెలసినవి. దానితో నిన్న రాగి పండిన చేలలో నేడు తెల్ల రాళ్ళు పాతి సైట్లు అమ్ముచున్నారు. ఊరూర క్రొత్త బిల్డర్లు బయలుదేరినారు. వీరిలో నెమ్మదస్థులు కలరు, కానివారును కలరు. మన కుటుంబములలో అద్దె యిండ్లలో మగ్గము వేసికొని కాలము గడపినవారు ఇప్పుడు 30×40 సైటొకటి కొని, బ్యాంకు అప్పు తెచ్చి, సొంత గూడు కట్టుకొన నాసపడుచున్నారు. ఆశ మంచిదే. ఆశతోపాటు లెక్కయు నుండవలెను.

సొంత కాగితము లేని యింటి గతి యేమగునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. కోలారు బంగారు గనులే చాలును. 1880లో జాన్ టైలరు కంపెనీవారు గనుల పని చేపట్టిన తరువాత వేలకొలది కూలీలు తడికెల గుడిసెలలో, కంపెనీ లైన్లలో కాపురముండిరి. తెలుగువారు, తమిళులు, కన్నడిగులు అందరును అందుండిరి. గోడ ఎంత ఎత్తుండవలెనో, కిటికీ ఎచట నుండవలెనో చెప్పు హక్కు అందుండువానికి లేదు. 1956లో గనులు మైసూరు ప్రభుత్వపరమైనవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. జీతము ఆగిపోయిన నాటికి తాతలనాటి నుండి కాపురమున్న యిల్లు సయితము తమది కాదని ఆ కుటుంబములకు తెలిసివచ్చినది. ఆ క్వార్టర్లు తమ పేర వ్రాసి యియ్యవలెనని వారు చేసిన విన్నపములు ఎన్నియో! కాపురము వేరు, కాగితము వేరు అను పాఠము ఆ లైన్ల గోడలపై వ్రాసియున్నది.

అదే గనులలో మరియొక పాఠమును కలదు. 1930లో కంపెనీవారు కార్మికుల వ్రేలిముద్రలు తీసికొని నమోదు చేయ బూనగా గనుల కార్మికులు సమ్మె కట్టిరి. చదువు రానివారైనను, ఎందులకో తెలియని కాగితముమీద వ్రేలు పెట్టుటకు వా రొప్పుకొనలేదు. మనలో చదువుకొన్నవారు సయితము నేడు బిల్డరిచ్చిన ఇరువది పుటల ఒడంబడికపై చదువకయే సంతకము చేయుచున్నారు. మన యిండ్లలో మాట తెలుగు. దస్తావేజు కన్నడములోనో ఇంగ్లీషులోనో యుండును. కావున మొదటి సూత్రమిది: ప్రతి పుటను తెలిసినవారిచేత తెలుగులో చదివించుకొని వినవలెను. ఇంటి ఆడువారు కూడ కూర్చుండి వినవలెను. ఆ యింట ఎక్కువ సేపు ఉండువారు, రాట్నము తిప్పువారు, కండెలు చుట్టువారు వారే కదా.

ఇక చదరము మాట. మన ప్రాంతమున నూరు చదరపు అడుగులను ఒక చదర మందురు. తొమ్మిది చదరముల యిల్లు, చదరమునకు ఇంత యని ధర తెగినది. కాని దేనిని కొలుతురు? గోడల వెలుపలి కొలతయా, లోపలి కొలతయా? మెట్లు లెక్కలోనికి వచ్చునా? నీటి సంపు, ప్రహరి, పిట్టగోడ, సజ్జాలు ధరలో చేరినవా, వేరా? వసారాకు పూర్తి ధరయా, సగము ధరయా? ఈ ప్రశ్నలు అడుగకయే చదరమునకు నూరు రూపాయలు తగ్గించితిమని సంతోషించువాడు, గజమునకు అణా తగ్గించుకొని గజము కఱ్ఱ పొడవు చూచుకొననివానివంటివాడు. తగ్గించిన నూరు, సంపు దగ్గర వేయిగా తిరిగి వచ్చును.

మేము చెప్పునది ధర తగ్గింపుడని కాదు. ధర తగ్గించుట బేరములో నాల్గవవంతు మాత్రమే. మిగిలిన మూడు వంతులు ఏమనగా: ఏ సరకు, ఏ కొలత, ఎప్పుడెంత డబ్బు.

సరకు విషయమై మన తక్కెడనే వాడుకొందము. నూలు తూచువానికి ఇనుము తూచుట కష్టమా? పండ్రెండు మిల్లీమీటర్ల కమ్మి పండ్రెండు మీటర్ల పొడవున్నచో సుమారు 10.6 కిలోలు తూగవలెను. పది మిల్లీమీటర్లది 7.4 కిలోలు, ఎనిమిది మిల్లీమీటర్లది 4.7 కిలోలు. నూటికి అయిదు, ఏడు పాళ్ళ తేడా సహజము. అంతకు మించి తగ్గినచో అది తక్కువ నంబరు నూలును ఎక్కువ నంబరని అమ్మినట్టిదే. సిమెంటు బస్తా 50 కిలోలు. ఖాళీ సంచులను లెక్కకు నిలువ యుంచుమని ఒడంబడికలోనే వ్రాయించుడు. ఇసుక విషయమున మరింత మెలకువ కావలెను. చెరువు మట్టిని, చేనిమట్టిని కడిగి ఇసుకగా అమ్ము వ్యాపారము మన జిల్లాలో చాల కాలముగ నున్నది. గాజు గ్లాసులో సగము ఇసుక పోసి, నీరు నింపి, బాగుగ కుదిపి ఒక పూట కదల్పక ఉంచుడు. ఇసుకపై పేరిన ఒండు, ఇసుక మందములో నూటికి ఎనిమిది పాళ్ళకు మించినచో ఆ బండిని త్రిప్పి పంపుడు. గనుల దగ్గరివారికి మరొక్క మాట: సైనైడు దిబ్బల పొడి ఉచితముగ దొరకునని ఎవరైన చెప్పినచో చెవిని పెట్టకుడు. అది మర ఆడించిన రాతిపిండి. కట్టుబడికి తగిన ఇసుక కాదు.

ఈ జిల్లాలో ఇల్లు కట్టువారు మఱచిపోరానిది నీరు. బోరు వందలు దాటి వేయి అడుగులకు పోయినను తడి తగులని గ్రామములు మన కెఱుకే. బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి 2018 నుండి మన చెరువులకు విడుచుచున్నారు. అది ఇంటి కుళాయికి వచ్చు నీరు కాదు. కట్టుబడికి నీరు చాలవరకు ట్యాంకరుదే. ఆ ట్యాంకరు ఖర్చు ఎవరిది? ఈ ఒక్క ప్రశ్న అడుగనందున ఎన్నో గోడలు తడి లేక బీటలు వారినవి. స్లాబునకు కనీసము ఏడు దినములు, బూడిద కలిపిన సిమెంటైనచో పది దినములు ఎడతెగక తడి యుండవలెనని ప్రభుత్వ ప్రమాణము ఐ.యస్. 456 చెప్పుచున్నది. నీరు మేస్త్రీ కొనవలసినచో పొదుపు చేయును. మనము కొనవలసినచో మఱతుము. కావున నీటి ఖర్చెవరిదో, తడుపు మనిషి ఎవరో పేరు పెట్టి వ్రాయించుకొనవలెను. అటులనే స్లాబు క్రింది ఆధారపు కఱ్ఱలు: నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పు గదికి ఏడు దినములు, మించినచో పదునాలుగు దినములు కదలింపరాదు. సెంట్రింగు సామాను అద్దె కలిసివచ్చునని తొందరపడువానికి ఈ మాట కాగితములో కనబడవలెను.

ఇక మగ్గము సంగతి. బిల్డరుకు వంటగది తెలియును, పడకగది తెలియును. మగ్గపు గది తెలియదు. తెలుపవలసినవారము మనమే. మాలో ఒకరి యింట జరిగినది చెప్పెదము. గుంట మాట ఒడంబడికలో లేదు. “అది చివర చూసుకుందాం లేన్నా” అని మేస్త్రీ అనెను; సరేయంటిమి. నేల పరచి, బండలు అతికి, పాలిష్ చేసిన తరువాత బండలు పగులగొట్టి గుంట త్రవ్వవలసి వచ్చినది. దానికి వేరు కూలి. పునాది పూడ్చిన మన్ను వదులుగ నుండుటచే గుంట ప్రక్కలు జారినవి. మొదటి వానకే నీరు ఊరినది. గంజి పెట్టిన పడుగు బూజు పట్టి పనికిరాకపోయినది. గుంటకైన ఖర్చు కాదు మమ్ము కుంగదీసినది; మగ్గము రెండు నెలలు ఆగిన కూలి. ఇంటి అప్పు వాయిదా మాత్రము ఒక్క దినమును ఆగలేదు.

కావున గుంటమగ్గము వేయువారు పునాది గీతలు వేయుటకు ముందే మగ్గపు చోటు సున్నముతో నేలపై గీయించవలెను. గుంట పొడవు, వెడల్పు, లోతు, దాని చుట్టు ఇటుక కట్టుబడి, తడి యెక్కకుండ చేయవలసిన పూత, అన్నియు వివరముగ వ్రాయించవలెను. పడుగు సాగదీయుటకు కావలసిన పొడవున్న గోడనుండి గోడకు కొలిచి చూడవలెను. జాకార్డు పెట్టె గలవారు “పది అడుగుల కప్పు చాలు” అను మాట నమ్మక, ఉన్న మగ్గమును జాకార్డుతో సహా నేలనుండి కొలిచి, పైన చేయి ఆడు చోటు చేర్చి ఎత్తు చెప్పవలెను. వెలుతురు నేయువాని ప్రక్కనుండి పడునట్లు కిటికీ కోరవలెను. ఇవి నక్షా దశలో అడిగినచో దాదాపు ఉచితము. గోడ లేచిన తరువాత అడిగినచో ప్రతిది “ఎక్స్ట్రా”. చేనేత పనిశాల నిర్మాణమునకు కేంద్ర ప్రభుత్వ చేనేత అభివృద్ధి పథకములో సాయము కలదు. బెంగుళూరులోని వీవర్స్ సర్వీసు సెంటరులో ముందే విచారించుకొనుట మేలు.

అన్నింటికన్న ముఖ్యము డబ్బిచ్చు వరుస. డబ్బు చేతిలో నున్నంతకాలమే బేరము మనది. ఉదాహరణకు పది లక్షల పని యనుకొందము. ఒడంబడికనాడు ఒక లక్ష. పునాది మట్టము ముగిసినపుడు రెండు లక్షలు. గోడలు కప్పు మట్టమునకు వచ్చినపుడు రెండు. స్లాబు పోసి, కఱ్ఱలు విప్పి, కారుట లేదని చూచిన తరువాత రెండు. పూత, కుళాయి, కరెంటు పనులకు లక్షన్నర. నేల, తలుపులు, రంగులు ముగిసిన తరువాత ఒక లక్ష. మిగిలిన ఏబదివేలు ఒక వానకాలము గడచిన పిమ్మట. ఈ చివరి ఏబదివేలను వదలుకొనకుడు. కప్పు కారునో లేదో వేసవిలో ఎవరికి తెలియును? మేస్త్రీ మరల మన గడప త్రొక్కుటకు అదియే కారణము. బ్యాంకు అప్పు కూడ దశలవారీగనే వచ్చును గనుక ఈ వరుసను బ్యాంకు వరుసతో జతపరచుకొనుట సులువు. జాప్యమునకు నెలకింత తగ్గింపు అని కూడ వ్రాయించవలెను. వ్రాయునపుడే మనవైపు డబ్బు జాప్యమైనచో గడువు పెరుగునని వ్రాయుట న్యాయము.

“ఏమన్నా, నా మీద నమ్మకం లేదా? మనవాళ్ళ మధ్య కాగితం దేనికి?” అని మేస్త్రీ అడుగును. మన పెద్దలలో కొందరు ఈ మాటకే కరగిపోవుదురు. కాగితము అడుగుట అవమాన మనుకొందురు. మేమట్లు తలంపము. ఇద్దరు మంచివారి నడుమ కూడ జ్ఞాపకములు తేడాపడును. తలుపు మద్దియా వేపయా అని ఆరు నెలల తరువాత ఇద్దరును నిజముగనే వేరువేరుగ తలంతురు. కాగితము స్నేహమును చెరుపదు, తగవును రానీయదు.

చట్టము మనకు ఎంత అండయో కూడ తెలిసియుండవలెను. లే-అవుటులో సైటు గాని, కట్టుచున్న ఫ్లాటు గాని కొనువారికి 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టము వర్తించును. స్థలము 500 చదరపు మీటర్లు మించినను, ఫ్లాట్లు ఎనిమిది మించినను బిల్డరు కర్ణాటక రెరా వద్ద నమోదు కావలెను. రిజిస్టరు చేసిన ఒడంబడిక లేనిదే ధరలో పదియవవంతు మించి పుచ్చుకొనరాదు. ఇల్లు అప్పగించిన అయిదేండ్లలోపు కట్టుబడిలో లోపము బయటపడి తెలియజేసినచో ముప్పది దినములలో ఉచితముగ బాగుచేయవలెను. కాని మన సొంత సైటులో మేస్త్రీచేత కట్టించుకొను ఒంటి యింటికి ఈ చట్టము రాదు. అక్కడ మన అండ మన ఒడంబడికయే, తరువాత వినియోగదారుల చట్టము. ఇంటి నిర్మాణము కూడ సేవయే యని సుప్రీంకోర్టు 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో తీర్పు చెప్పినది. చెల్లించిన మొత్తము 50 లక్షలు మించనిచో జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. అయిదు లక్షల లోపైనచో రుసుమే లేదు. వకీలును పెట్టుకొనక తప్పదన్న నియమమును లేదు. వివాదము పుట్టిన రెండేండ్లలోపు పోవలెను. అయితే అక్కడ మొదట అడుగునది కాగితము, రశీదు. నోటి మాటకు సాక్షి కావలెను. చెక్కునకు బ్యాంకే సాక్షి.

బయానాకు ముందే స్థలపు కాగితములు చూడవలెనని వేరే చెప్పనక్కరలేదు గదా! ఋణభార పత్రము, ఖాతా, వ్యవసాయ భూమియైనచో మార్పిడి ఉత్తరువు, ఈ మూడింటిని చూపని సైటుపై ఎంత మంచి యిల్లు కట్టినను ఇసుకపై నిలిపిన మగ్గమే. గనుల ప్రాంతమున చాల భూమి గని సంస్థ పేర నున్నది కావున అచట రెట్టింపు జాగ్రత్త అవసరము.

ఇంతవరకు మేస్త్రీని కట్టడి చేయు మాటలు చెప్పితిమి. రెండవవైపు చెప్పకున్న అన్యాయ మగును. కూలి కోసిన షావుకారునకు ఏమి జరుగునో మనకన్న తెలిసినవారెవరు? పేక పలుచనగును. కంటికి కనబడని చోట పోగు తగ్గును. మనము మేస్త్రీని గిట్టని ధరకు లాగినచో అతడును పేక పలుచన చేయును. సిమెంటు తగ్గును, కమ్మికి కమ్మికి ఎడము పెరుగును. గుడ్డలో పలుచదనము ఉతికిన నాడు కనబడును. స్లాబులో పలుచదనము నెత్తిన పడిన నాడు కనబడును. కావున ముగ్గురివద్ద ఒకే వివరముల జాబితా యిచ్చి ధర లడుగుడు. అందరికన్న చాల తక్కువ చెప్పినవానిని ఎట్లు గిట్టునో అడుగుడు. అతడు చెప్పలేనిచో దండము పెట్టి రండు. న్యాయమైన లాభ మిచ్చి, చెప్పిన దినమున డబ్బిచ్చి, కాగితము ప్రకారము పని తీసికొనుటయే మంచి బేరము. మనము షావుకారునుండి కోరునదియు అదియే గదా.

చివరగ ఒక సూచన. మన కుటుంబములు ఒక్కొక్కరుగ బేరమాడుచున్నవి. మాలూరు ఇటుకలు, పెంకులు దక్షిణదేశమంతయు పోవుచున్నవి. మనము మాత్రము ప్రక్కనే యుండి అయిదువేల ఇటుకలకు చిల్లర ధర యిచ్చుచున్నాము. ఒకే ఊరిలో ఒకే సంవత్సరము కట్టబోవు నాలుగైదు కుటుంబములు కలిసినచో ఇటుక, ఇనుము, తలుపులు బట్టీవద్ద, డిపోవద్ద బరువు బేరమున దొరకును. ఒక ఇంజనీరును కలిసి కుదుర్చుకొని నాలుగు దశలలో పని చూపించుకొనవచ్చును. నూలు కొనుగోలునకు సహకార సంఘము పెట్టుకొనుట నేర్చిన జాతికి ఇది క్రొత్త విద్య కాదు. మన సంఘమువారు తెలుగు, కన్నడములు రెండింటను ఒక మాదిరి ఒడంబడికను అచ్చువేయించి, మగ్గపు గుంట మొదలు చివరి వాయిదా వరకు ఖాళీలు నింపుకొనునట్లు సభ్యులకు పంచిపెట్టవలెనని మేము కోరుచున్నాము. ఇల్లు కట్టించి దెబ్బతిన్నవారు, మంచి పని పొందినవారు తమ అనుభవములు సంఘమునకు తెలిపినచో ఆ మాదిరి మరింత గట్టిపడును.

పడుగు వంకరైనచో పేక ఎంత నేర్పుగ వేసినను గుడ్డ తిన్నగ రాదు. ఇంటికి పడుగు ఒడంబడిక. అది తిన్నగ పోసికొందము.